కళాశాల గడప త్రొక్కుటకు ముందు
(పాఠశాల వార్షికోత్సవ సభయందు ప్రధానోపాధ్యాయుడు చేసిన ప్రసంగపాఠము)



పాఠశాల యొక్క ఏడాది పనిని గూర్చియు, పరీక్షాఫలితములను గూర్చియు కార్యదర్శిగారు తమ నివేదికలో వివరముగా చెప్పియున్నారు. నేను వానిని మరల చెప్పి మీ కాలమును వ్యర్థము చేయను. ఈనాడు మీతో ఒక చిన్న విషయమును మాత్రము ముచ్చటింపదలచితిని. అది చూచుటకు చిన్నదే గాని, మన పిల్లల మూడు నాలుగేండ్ల జీవితమును, మన ఇంటి డబ్బును, కొంతవరకు మన భాషయొక్క మేలును దానిమీద ఆధారపడియున్నవి. పండ్రెండవ తరగతి పూర్తిచేయుచున్న బిడ్డను వెంటబెట్టుకొని, తల్లియో తండ్రియో, చేరదలచిన కళాశాలలను ముందుగా స్వయముగా చూచి వచ్చుట: ఇదియే నా విషయము.

మనము ప్రయాణములకు క్రొత్తవారము కాము. ఈ నల్లరేగడి సీమలో తెలుగు మాటలాడు ఇండ్లవారందరును ఒకప్పుడు దారి నడిచి వచ్చినవారే. కొందరు విజయనగర కాలమునను, కొందరు మదుర నాయకరాజుల కాలమునను, మరికొందరు తరువాతను వచ్చిరి. కోవిల్పట్టి దగ్గర ఇడైసేవల్ గ్రామమున తెలుగింట పుట్టి, తమిళమున గొప్ప రచయితయైన కి. రాజనారాయణన్‌గారు ఆ వలసకథనే నవలగా వ్రాసిరి. దాని తరువాయి భాగమైన ‘గోపల్లపురత్తు మక్కళ్’ అను నవలకు 1991లో సాహిత్య అకాడమీ బహుమానము వచ్చినది. ఆయన బడి చదువు బాల్యముననే ఆగిపోయినది. అయినను పుదుచ్చేరి విశ్వవిద్యాలయమువారు ఆయనను పిలిచి ఆచార్యపదవి నిచ్చిరి. 2021లో ఆయన కాలధర్మము చెందినపుడు తమిళనాడంతయు దుఃఖించినది. ఆనాటి మన పెద్దలు ప్రాణరక్షణకును, సేద్యపు భూమికిని నడిచిరి. నేడు మన బిడ్డలు విద్యకొఱకు నడువవలసియున్నది. ఆ నడకలో మొదటి అడుగుననైనను వారితో పెద్దలుండవలయును.

మన ప్రక్కనున్న శ్రీవిల్లిపుత్తూరు కథను తెలుగువారికి వేరుగ చెప్పనక్కఱలేదు. శ్రీకృష్ణదేవరాయలు ‘ఆముక్తమాల్యద’ను రచించినది ఆ యూరి విష్ణుచిత్తుని గూర్చియు, ఆయన కూతురు గోదను గూర్చియుగదా. పాండ్యరాజు కొలువునకు పోయి వాదము చేయుమని భగవంతుడు ఆజ్ఞాపించినపుడు, తోటపని తప్ప చదువెరుగని నేను పండితులయెదుట ఏమి మాటలాడగలనని విష్ణుచిత్తుడు జంకెను. అయినను మదురకు పోయెను. కడపట కూతురిని వెంటబెట్టుకొని శ్రీరంగమునకును పోయెను. కళాశాల కార్యాలయములో అడుగుపెట్టుటకు జంకు తల్లిదండ్రులను చూచినపుడెల్ల నాకు ఈ కథ జ్ఞప్తికి వచ్చును. బిడ్డ మేలు కోరువాడు తనకు తెలియని గడపనైనను త్రొక్కవలసినదే. అడుగుటకు పట్టము అక్కఱలేదు.

ఇపుడు మన ఇండ్లలో జరుగుచున్న పద్ధతిని కొంచెము పరిశీలింతము. 2017 వరకు ఇంజనీరింగు విద్యకు ఎన్నికైన పిల్లలు ఒక ఆచారముగ తల్లిదండ్రులతో చెన్నపట్టణము పోవువారు. ధ్రువపత్రముల సంచి పట్టుకొని, రాత్రి బస్సెక్కి, తెల్లవారునప్పటికి గిండీలోని అన్నా విశ్వవిద్యాలయము చేరి, అచ్చట తమ వంతు రాగానే కళాశాలను కోరుకొనువారు. అది శ్రమయే. అయినను దారిలో నలుగురు తల్లిదండ్రులు కలిసికొని, తమకు తెలిసినది ఒకరికొకరు చెప్పుకొనువారు. 2018 నుండి ఈ పనియంతయు కంప్యూటరుమీదనే జరుగుచున్నది. గణితమునకు నూరు, భౌతికశాస్త్రమునకు ఏబది, రసాయనశాస్త్రమునకు ఏబది, మొత్తము 200 మార్కులకు లెక్కకట్టి వరుస నిర్ణయింతురు. మనము ఇంటనో, కంప్యూటరు దుకాణముననో కూర్చుండి కళాశాలల పేర్లను వరుసగా నింపుదుము. శ్రమ తగ్గినది, ఖర్చు తగ్గినది, మంచిదే. కాని దానితోపాటు చూచుట అనునది కూడ తగ్గిపోయినది. కళాశాలను కన్నులతో చూడకయే, దాని పటమును సెల్‌ఫోనులో చూచి, నాలుగేండ్ల జీవితమును ఒక మీటతో నిర్ణయించుచున్నాము. ఎద్దును కొనునపుడు పండ్లు పట్టి చూచెదము. నేల కొనునపుడు నాలుగు హద్దులును నడిచి చూచెదము. బిడ్డ చదువునకు మాత్రము ఒక ప్రకటన కాగితము చాలుననుకొనుచున్నాము.

నాకు తెలిసిన రెండు కుటుంబముల సంగతి చెప్పెదను. పేర్లు అక్కఱలేదు.

మొదటిది ఒక బాణసంచా కర్మాగారములో పనిచేయు తండ్రి కథ. ఆయన కష్టజీవి, కుమారునియందు ప్రాణము. ఒక మధ్యవర్తి వచ్చి, దూరపు ఊరిలోనున్న ఒక కళాశాలలో స్థానము ఇప్పించెదనని చెప్పెను. తండ్రి కుమారుని అడుగక, ఆ ఊరు చూడక, రుసుము కట్టి, అసలు ధ్రువపత్రములను అప్పగించి వచ్చెను. చేరవలసిన దినముననే బాలుడు ఆ కళాశాలను మొదటిసారి చూచెను. అతడు కోరిన శాఖలో ఉపాధ్యాయులు చాలినంతమంది లేరు. వసతిగృహములో నీటికి ఇబ్బంది. రెండు మాసములకు బాలుడు ఇల్లు చేరెను. ధ్రువపత్రములు తిరిగి వచ్చుటకు మరికొన్ని మాసములు పట్టినవి. ఒక సంవత్సరము పోయినది. చేరిన విద్యార్థుల అసలు ధ్రువపత్రములను కళాశాలలు తమయొద్ద అట్టిపెట్టుకొనరాదనియు, నిర్ణీతకాలములో మానుకొన్నవారికి రుసుమును నియమానుసారముగ తిరిగి ఈయవలయుననియు విశ్వవిద్యాలయ గ్రాంట్ల సంఘమువారు 2018లోనే ఉత్తరువు చేసిరి. ఆ తండ్రికి ఆ ఉత్తరువు సంగతి తెలియదు. కావుననే ఇచ్చట బహిరంగముగ చెప్పుచున్నాను.

రెండవది అగ్గిపెట్టెల కంపెనీలో పనిచేయు ఒక తల్లి కథ. ఆమె చదివినది అయిదవ తరగతి. కూతురు లెక్కలలో మంచి తెలివిగలది. ఆ తల్లి రెండు దినములు సెలవు పెట్టి, కూతురితో నాలుగు కళాశాలలు చూచి వచ్చెను. సద్దిమూట కట్టుకొనిరి, ఉదయము బస్సెక్కి సాయంకాలము తిరిగి వచ్చిరి. ఒక కళాశాలలో మేడలు గొప్పగ నున్నవి గాని గ్రంథాలయమునకు తాళము వేసియున్నది. మరియొకదానిలో ప్రయోగశాల పని అయిదు గంటలకు ముగియును. మన ఊరివైపు సరియైన బస్సు దానికి ముందే వెళ్లిపోవును. మూడవదానిలో అదే గణితశాస్త్రమును ప్రభుత్వ సహాయము పొందు విభాగమునను, కళాశాలవారి స్వంత వ్యయమున నడుచు విభాగమునను చెప్పుచున్నారు. రుసుములో చాల భేదము. ఈ సంగతులు ఏ ప్రకటనలోను లేవు. ఆ బాలిక వానినన్నిటిని ఒక నోటుపుస్తకములో వ్రాసికొని వచ్చినది. తండ్రి మొదట వాణిజ్యశాస్త్రము చాలుననెను. కూతురు ఆ పుస్తకము తెరచి, ఒక్కొక్క సంగతి చదివి వినిపించినది. ఆయన విని, ఆలోచించి, నీ లెక్కలే చదువుమనెను. ఇపుడామె చివరి సంవత్సరము చదువుచున్నది.

ఈ రెండు కుటుంబములలో డబ్బు భేదము లేదు. ప్రేమ భేదము అసలే లేదు. చూచుటయందే భేదము.

చూడవలసిన చోట్లు మనకు దూరమున లేవు. 2021లో శివకాశి నగరపాలక సంస్థలో చేరిన మన తిరుత్తంగల్‌ను నడుమ నుంచుకొని చూచినచో నాలుగు దిక్కులకును దారులున్నవి. మొదటి దారి ఇంటిదారియే. శివకాశిలో అయ్య నాడార్ జానకి అమ్మాళ్ కళాశాల 1963లోను, ఆడపిల్లలకై స్టాండర్డ్ ఫైర్‌వర్క్స్ రాజరత్నం కళాశాల 1968లోను, మెప్కో ష్లెంక్ ఇంజనీరింగు కళాశాల 1984లోను ఏర్పడినవి. విరుదునగరమున సెందికుమార నాడార్ కళాశాల స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే నెలకొన్నది; స్త్రీలకై వన్నియపెరుమాళ్ కళాశాల 1962 నాటిది. ప్రభుత్వ వైద్యకళాశాల 2022లో ఆరంభమైనది. ఈ దారిని ఒకటి రెండు దినములలో చూడవచ్చును.

రెండవది పడమటి దారి. కృష్ణన్‌కోవిలు, శ్రీవిల్లిపుత్తూరు మీదుగా రాజపాళయము పోవుదము. అచ్చటి రాజులు మన భాషవారే. 1949 నుండి 1952 వరకు మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రిగానుండిన పి. యస్. కుమారస్వామిరాజాగారు ఆ యూరివారు. తమ ఇంటినే ఊరివారి కళలకును గ్రంథాలయమునకును దానముచేసిన త్యాగి. రాజపాళయం రాజుల కళాశాల 1973లో స్థాపింపబడినది. మూడవది దక్షిణపు దారి. సాత్తూరు మీదుగా కోవిల్పట్టి చేరినచో 1966 నాటి జి. వెంకటస్వామి నాయుడు కళాశాలయు, 1984 నాటి నేషనల్ ఇంజనీరింగు కళాశాలయు కలవు. ఇంకను ముందుకుపోయినచో పాళయంకోట. అచ్చట సెయింట్ జాన్సు కళాశాల 1878 నాటిది. సెయింట్ జేవియర్సు 1923 నాటిది.

నాలుగవది మదురదారి. 1881 నాటి అమెరికన్ కళాశాల, 1948 నాటి లేడీ డోక్ మహిళా కళాశాల, 1949 నాటి త్యాగరాజర్ కళాశాల, 1957 నాటి త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల, 1966లో ఏర్పడిన విశ్వవిద్యాలయము, ఇవన్నియు ఆ నగరమున కలవు. ఈ పేర్లు చెప్పుట వీనిలోనే చేర్చుడని కాదు. మీకు తెలియని చోట్లు ఇన్నియున్నవని తెలుపుటకు మాత్రమే. వానియందు మంచిచెడ్డలు ఏటేట మారుచుండును. పాతపేరు చూచి గాక, నేటి స్థితి చూచి నిర్ణయింపవలయును.

ఇక పోయి ఏమి చూడవలయును? ముఖద్వారమును, తోటను చూచి మురియవలదు. గ్రంథాలయము చూడుడు. పుస్తకములు చేతులు తగిలి నలిగియున్నచో మంచి గుర్తు. క్రొత్తవిగా బీరువాలో మెరయుచున్నచో అవి ఎవరును చదువనివి. ప్రయోగశాలలో పరికరములమీద దుమ్మున్నదా, పిల్లల చేతిగుర్తులున్నవా చూడుడు. ప్రకటనల పలక చదువుడు; పాఠములు, పరీక్షలు ఏవిధముగ నడుచుచున్నవో అది చెప్పును. వసతిగృహములో వంటయిల్లు, త్రాగునీరు, స్నానపుగదులు చూడుడు. చివరి బస్సు ఎన్ని గంటలకో విచారింపుడు. అన్నిటికంటె ముఖ్యమైనది, మూడవ సంవత్సరపు విద్యార్థులతో మీ బిడ్డను ఒంటరిగ మాటలాడనిండు. మీరు ప్రక్కన నిలిచినచో వారు నిజము చెప్పుటకు సంకోచింతురు. పైతరగతివారు క్రొత్తవారిని వేధించుటను తమిళనాడు 1997లోనే చట్టముచేత నిషేధించినది. అయినను ఆ కళాశాలలో ఆ నిషేధము ఎంతవరకు అమలగుచున్నదో పిల్లలే చెప్పగలరు.

కార్యాలయములో అడుగవలసిన ప్రశ్నలు కొన్ని కలవు. ఈ పాఠ్యక్రమము ప్రభుత్వ సహాయము గలదా, స్వంత వ్యయముమీద నడుచునదా? బోధన తమిళమున జరుగునా, ఇంగ్లీషున జరుగునా? కళాశాల స్వయంప్రతిపత్తి గలదా, విశ్వవిద్యాలయ పరీక్షలనే వ్రాయింతురా? న్యాక్ సంఘమువారి తనిఖీ ఎప్పుడు జరిగినది, ఏ శ్రేణి వచ్చినది? శాశ్వతోపాధ్యాయులెందరు, తాత్కాలికులెందరు? మూడేండ్లకు కలిపి మొత్తము రుసుము ఎంత? బస్సుకు, వసతికి, పరీక్షలకు వేరుగ ఎంత? ఇచ్చిన ప్రతి రూపాయికి రసీదు ఇత్తురా? ఈ కడపటి ప్రశ్నకు సమాధానము సరిగా రానిచోట ఇక కూర్చుండవలదు.

డబ్బు సంగతి దాచుకొనక మాటలాడవలయును. మన కుటుంబములలో చాలవరకు దినకూలి, వారపు బట్వాడా. మన బిడ్డ ఇంటిలో మొదటి పట్టభద్రుడు కాగలడేని, ఏకగవాక్ష విధానమున వృత్తివిద్యలో చేరినపుడు బోధనారుసుములో రాయితీ కలదు. రెవెన్యూశాఖవారి ధ్రువపత్రము ముందుగనే తీసియుంచవలయును. కులధ్రువపత్రమును, ఆదాయధ్రువపత్రమును కూడ చివరి వారములో పరుగెత్తి తెచ్చునవి కావు. అరుంధతీయ కుటుంబములవారికి 2009 నుండి షెడ్యూల్డు కులముల 18 శాతములో 3 శాతము ప్రత్యేకముగ నున్నది. మన పాఠశాలలో ఆ పిల్లలున్నారు కనుక చెప్పుచున్నాను. తెలుగు అల్పసంఖ్యాక సంస్థలుగ గుర్తింపు పొందిన కళాశాలలును ఈ రాష్ట్రమున కలవు. అట్టిచోట్ల మన పిల్లలకు ప్రత్యేకావకాశముండవచ్చును. దానికి ఏ పత్రము కావలయునో అచ్చటనే అడిగి తెలిసికొనుడు. బ్యాంకులవారు విద్యార్థులకు 4 లక్షల రూపాయలవరకు ఆస్తి తాకట్టు లేకయే అప్పునిచ్చు పద్ధతి కలదు. వడ్డీవ్యాపారి గుమ్మము ఎక్కుటకు ముందు బ్యాంకు గుమ్మము ఎక్కుడు. ఈ వివరములన్నియు మీ బిడ్డకును తెలియవలయును. తండ్రి ఎంత సంపాదించునో, ఎంత అప్పు చేయగలడో తెలిసిన పిల్లలు బాధ్యతతో కోరుదురు. తెలియనివారే చుక్కలను కోరుదురు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఒక మాట. మగపిల్లవానికి నాలుగు దిక్కులును చూపి, ఆడపిల్లకు ఇంటిప్రక్కనున్న కళాశాలను మాత్రమే చూపుట మన వాడుక. దగ్గరిది మంచిదైనచో సంతోషమే. కాని చూచి, పోల్చి దగ్గరిదానిని ఎన్నుకొనుట వేరు; వేరొకదానిని చూడనీయక చేర్పించుట వేరు. 2021 మే నెల నుండి సాధారణ పట్టణ బస్సులలో స్త్రీలకు చార్జి లేదు. దగ్గరి కళాశాలలకు తల్లియు కూతురును పోయి వచ్చుటకు పెద్ద వ్యయమే లేదు. దూరమని భయపడువారు ఆ దూరమును ఒకసారి బిడ్డతో కలిసి ప్రయాణము చేయుడు. వసతిగృహపు పెద్దమ్మతో మాటలాడుడు. చూచినపిమ్మటను వద్దనిపించినచో వద్దనుడు. మీ కారణము బిడ్డకు కన్నులయెదుట కనబడును గనుక ఆమెకు మనసు విరుగదు.

ఏ శాస్త్రము చదువవలయుననునది మరియొక చిక్కు. డాక్టరు సర్వేపల్లి రాధాకృష్ణన్‌గారు 1888లో తిరుత్తణిలో తెలుగింట పుట్టి, తిరుపతి, వెల్లూరులలో చదివి, చెన్నపట్టణము క్రైస్తవ కళాశాలలో చేరిరి. అంతకుముందే చదువు ముగించిన బంధువొకరు తమ తత్త్వశాస్త్ర గ్రంథములను ఆయనకిచ్చిరి. ఆ గ్రంథములు చేతికి వచ్చుటచేతనే ఆయన తత్త్వశాస్త్రము తీసికొనిరని అందరును చెప్పుదురు. పుస్తకములు కొనుటకు డబ్బులేని ఇంట జరిగిన ఈ ఎన్నిక దేశమునకు ఒక మహాతత్త్వవేత్తను, రాష్ట్రపతిని ఇచ్చినది. కాని ఇది ఆయన ప్రతిభయొక్క గొప్పతనమే గాని, అట్లెన్నుకొను పద్ధతియొక్క గొప్పతనము కాదు. పొరుగింటివాడు చదివినదని మన బిడ్డను అందులో త్రోయరాదు. మన ఊరినే చూడుడు. శివకాశి ముద్రణకు దేశమంతట పేరున్నది. ముద్రణశాస్త్రమును చెన్నపట్టణములో గిండీ ఇంజనీరింగు కళాశాలయందు పట్టపరీక్షగ చెప్పుచున్నారు. ముద్రణాలయములో చెమటోడ్చు తండ్రి కుమారునకు అది యొక శాస్త్రమనియే తెలియకపోవుట విచారకరము గాదా? పోయి చూచినగాని ఏమేమి విద్యలున్నవో తెలియదు.

ఇక భాష సంగతి. మన పిల్లలు ఇంట తెలుగు, వీధిలో తమిళము, పుస్తకములో తెలుగును ఇంగ్లీషును చదివి పెరిగినవారు. 2006 నాటి చట్టముననుసరించి పాఠశాలలో తమిళమును నేర్చుచున్నారు. అది మేలే, మనమున్న నేల భాష మనకు రావలయును. అయినను కళాశాలలో చేరినపుడు తెలుగు మాధ్యమమున చదివిన పిల్లవాడు మొదటి నాలుగు మాసములు తడబడుట సహజము. వైద్యవిద్యకై జరుగు నీట్ పరీక్షను తెలుగున వ్రాయవచ్చును గాని, తెలుగు ప్రశ్నపత్రము ఆంధ్రప్రదేశ్, తెలంగాణ కేంద్రములలోనే ఇత్తురు. ఇట్టివి ముందు తెలిసికొనక, చివర చింతించి లాభము లేదు. చేరదలచిన చోట ఇంగ్లీషున వెనుకబడినవారికి ప్రత్యేక పాఠములున్నవా అని అడుగుడు. మొదటి భాగము క్రింద తెలుగు తీసికొను వీలున్నదా అని కూడ తప్పక అడుగుడు. మన జిల్లాలో లేదనియే ఎక్కువగ చెప్పుదురు. అయినను అడుగుడు. ఎవరును అడుగని దానిని ఏ కళాశాలయు పెట్టదు.

ఇందులో మన పాఠశాలయొక్క బ్రతుకు కూడ ఉన్నది. తెలుగు మాధ్యమమున బోధింపగల ఉపాధ్యాయుడు ఒకరు పదవీ విరమణ చేసినచో, ఆ స్థానమునకు తగినవారిని వెదకుట ఏటేట కష్టమగుచున్నది. స్థానమున్నను మనిషి లేడు. పరవస్తు చిన్నయసూరిగారు తమిళ సీమయైన పెరుంబుదూరులో పుట్టి, చెన్నపట్టణమున తెలుగు చెప్పి, 1858లో ‘బాలవ్యాకరణము’ను వెలువరించిరి. నేటికిని తెలుగు వ్యాకరణమునకు అదియే ప్రమాణము. అనగా తెలుగునకు మేలుచేయుటకు తెలుగు రాష్ట్రములోనే పుట్టనక్కఱలేదు. ప్రతి యేడును మన పిల్లలలో ఒకరిద్దరైనను తెలుగు పట్టమును, ఉపాధ్యాయ శిక్షణను పొందినగాని, మరి ఇరువది యేండ్లకు ఈ వేదికమీద తెలుగున మాటలాడువాడుండడు. 1954లో ఏర్పడిన తిరుపతి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయము, 1997లో ఏర్పడిన కుప్పము ద్రావిడ విశ్వవిద్యాలయము, 1974 నాటి హైదరాబాదు విశ్వవిద్యాలయము ఉన్నవి. భాషయందు అభిరుచిగల బిడ్డ మీ ఇంటనున్నచో, మీ చూడవలసిన పట్టికలో అట్టిదానినొకదానిని చేర్చుడు. తిరుమల యాత్రకు పోవునపుడు కొండక్రింది విశ్వవిద్యాలయమును కూడ ఒక పూట చూడవచ్చునుగదా. బలవంతము వలదు, చూపుట మాత్రము మన ధర్మము.

ఈ ప్రయాణమున మరియొక లాభము కలదు. మన ఇండ్లలో తండ్రియు, పదునేడేండ్ల బిడ్డయు తీరికగ మాటలాడుకొను సమయము బహు తక్కువ. తండ్రి పనికి పోవునపుడు బిడ్డ నిద్రలోనుండును. వచ్చునప్పటికి పుస్తకముమీదనో, సెల్‌ఫోనుమీదనో ఉండును. బస్సులో రెండు గంటలు ప్రక్కప్రక్కన కూర్చుండినపుడు, ఇంట రాని మాటలు వచ్చును. నాయనా, నాకు ఈ చదువునకు భయముగనున్నదని బిడ్డ చెప్పును. నేను చిన్నప్పుడు చదువ నెంచితిని గాని వీలుపడలేదని తండ్రి చెప్పును. అపుడు ఉపన్యాసమీయక వినుడు. కార్యాలయములో ఇంగ్లీషు కాగితమిచ్చినచో బిడ్డచేతనే చదివింపుడు. ప్రశ్నలలో సగము బిడ్డచేతనే అడిగింపుడు. రేపు అచ్చట ఒంటరిగ నిలువవలసినది వారే. దారిపొడవునను మన భాషలోనే మాటలాడుడు. నలుగురిలో తెలుగు మాటలాడుటకు తండ్రి సిగ్గుపడినచో, బిడ్డ జన్మమంతయు సిగ్గుపడును.

తిరిగి వచ్చిన రాత్రియే నిర్ణయము చేయవలదు. రెండు దినములు గడవనిండు. బిడ్డ తన అభిప్రాయమును, కారణములను తెలుగున ఒక పుటలో వ్రాయవలయును. తల్లిదండ్రులు తమ కష్టసుఖములను చెప్పవలయును. అభిప్రాయములు కలియనిచో మాయొద్దకు రండు, ఉపాధ్యాయులము మేమున్నాము. తుదిమాట ఎవరిదైనను, ఎదుటివారి కారణము వినకుండ చెప్పిన మాట కారాదు.

ఈ సంవత్సరము నుండి పాఠశాల గ్రంథాలయములో ఒక పెద్ద పుస్తకము పెట్టుచున్నాము. కళాశాలలు చూచి వచ్చిన ప్రతి కుటుంబమువారును తాము చూచినది, అడిగినది, తెలిసికొనినది అందులో తారీఖు వేసి వ్రాయవలయును. వ్రాయుట రానివారు చెప్పినచో మా విద్యార్థులు వ్రాయుదురు. ఒక ఇంటివారు పడిన శ్రమ పదిండ్లవారికి ఉపకరించును. ఫలితములు వచ్చు మే మాసమువరకు ఆగక, అర్ధసంవత్సర పరీక్షల సెలవులలోనే బయలుదేరుడు. కళాశాలలు నడుచుచున్న దినములలో పోయినగాని వాని నిజస్థితి తెలియదు. ఒంటరిగ పోవుటకు సంకోచించువారు ఇద్దరు ముగ్గురు కుటుంబములవారు కలిసి పోవచ్చును; దారులు, బస్సులు, కార్యాలయ వేళలు తెలుపుటకు మా ఉపాధ్యాయులు సిద్ధముగనున్నారు.

 మన పిల్లలు మంచి చదువులు చదివి, ఈ నేలకును, మన భాషకును, కన్నవారికిని కీర్తి తెచ్చెదరుగాక.